దర్బ్ సుల్తాన్ నుంచి దొనోర్ దాకా: కాసాబ్లాంకాలో రజా జాడలు

గురువారం, దర్బ్ సుల్తాన్

మొరాకో ఫుట్‌బాల్ క్లబ్ రజా క్లబ్ అథ్లెటిక్ చరిత్ర కోసం కాసాబ్లాంకా వెళ్లేవాళ్లు చాలామంది నేరుగా ఒయాసిస్ పేటలోని క్లబ్ మైదానానికి టాక్సీ కట్టించుకుంటారు. అక్కడ గేటు, కాపలాదారు, గోడలు తప్ప కంటికి ఆనేదేమీ ఉండదు. రజా పుట్టిల్లు దర్బ్ సుల్తాన్. రాజప్రాసాదానికి దగ్గర్లో, పల్లెల నుంచి పనికోసం వచ్చిపడ్డ జనంతో ఫ్రెంచివాళ్ల కాలంలో నిండిపోయిన పేట అది. ఎర్ర టాక్సీవాడికి 'గారాజ్ అల్లాల్' అని చెబితే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. అక్కడ దిగి సందుల్లోకి నడవాలి.

ఎర్ర టాక్సీ పద్ధతి ముందే తెలిస్తే పేచీలుండవు. ముగ్గురి కంటే ఎక్కువమందిని ఎక్కించుకోరు. మీరు ఎక్కాక దారిలో అదే వైపు పోయే మరొకరిని ఎక్కించుకోవడం మామూలే, దానికి మొహం చిట్లించకూడదు. అప్పటికే ఎవరో ఉన్న బండి మీరెక్కితే, ఎక్కినప్పుడు మీటరు మీద ఎంతుందో చూసి గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు ఇవ్వాల్సింది ఆ తేడానే, దానికీ ఓ కనీస ఛార్జీ ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటితే మీటరు మీద సగం అదనం. పగటిపూట నగరం నడిబొడ్డు నుంచి దర్బ్ సుల్తాన్‌కి పదిహేను దిర్హమ్‌లు దాటదు. దిర్హమ్ అంటే తొమ్మిది రూపాయలకు కాస్త అటూ ఇటూ.

సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు భుజం తిప్పాల్సిందే. కింద కొట్లు, పైన ఇళ్లు, వాటి మధ్య ఆరేసిన బట్టలు. మలుపు మలుపుకీ గోడ మీద రజా గుర్తు, పచ్చ గద్ద. ఈ బొమ్మలు క్లబ్ వేయించినవి కావు, ఆ వీధి కుర్రాళ్లు చందాలేసుకుని రంగు కొని వేసినవి. గోడ ముందు ఎవరైనా నిలబడి ఉంటే ముందు 'సలామ్ అలైకుమ్' అని, చెయ్యి గుండెకు ఆనించి, ఫొటో తీసుకోవచ్చా అని అడగాలి. అడిగితే కాదనరు, పైగా ఇంతకంటే పెద్ద బొమ్మ వెనకవీధిలో ఉందని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. అడక్కుండా ఫోన్ ఎత్తితే మాత్రం మాట పెరుగుతుంది.

1949 మార్చి 20న క్లబ్ పెట్టింది ఇలాంటి సందుల్లోని కాఫీ కొట్ల మనుషులే. కార్మిక సంఘాల వాళ్లు, ఫ్రెంచివాళ్ల పాలన పోవాలని పనిచేస్తున్నవాళ్లు అందులో ఉన్నారు. ఓ చిక్కొచ్చి పడింది. క్లబ్ అధ్యక్షుడు ఫ్రెంచి జాతీయుడై ఉండాలన్నది అప్పటి పాలకుల షరతు. పేటలో ఫ్రెంచివాణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి, తెచ్చినా వాడి కింద పనిచేయడమేంటి? అల్జీరియాలో పుట్టి, ఫ్రెంచి పౌరసత్వం ఉన్న హెజ్జీ బెన్ అబాజీని అధ్యక్షుణ్ణి చేశారు. కాగితం మీద ఫ్రెంచివాడు, కూర్చుని టీ తాగేది పేటవాళ్లతో. చట్టం మాట నెగ్గింది, పేట పనీ జరిగింది.

ఇక్కడి కాఫీ కొట్లలో కుర్చీలన్నీ వీధివైపే ఉంటాయి, ఎదురెదురుగా కూర్చునే అలవాటు తక్కువ. పుదీనా టీ కూజా పది దిర్హమ్‌లు. పంచదార బిళ్లలు కూజాలో ముందే పడిపోతాయి, కాబట్టి చక్కెర వద్దనుకునేవాళ్లు ఆర్డరు చెప్పేటప్పుడే 'బ్లా సుక్కర్' అనాలి. కొట్టువాడు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూస్తాడు, ఏం ఫరవాలేదు. సగం పాలు, సగం కాఫీ కావాలంటే 'నుస్ నుస్'. పెద్దవాళ్లను 'ల్హాజ్' అని, ఈడువాళ్లను 'ఖూయా' అని పిలిస్తే మాట కలుస్తుంది. పొరుగు కుర్చీలో కూర్చున్న ల్హాజ్ ఒకాయన రజా గురించి అడగ్గానే మొదట చెప్పింది కప్పుల సంగతి కాదు, దోల్మీ సంగతి. అబ్దుల్ మజీద్ దోల్మీ ఈ పేటవాడే. బంతిని కాలికి అంటించుకున్నట్టు ఆడే మిడ్‌ఫీల్డర్. నోరు విప్పి మాట్లాడ్డం తక్కువ, ఎదుటివాణ్ణి నొప్పించే ఆట అసలే లేదు. 1992లో యునెస్కో ఫెయిర్‌ప్లే పురస్కారం వచ్చింది. 2017 జూలైలో పోయాడు. ఆయన పేరెత్తగానే పక్క బల్లల మీది మాటలూ ఆగి ఇటు తిరిగాయి.

సాయంత్రం నూనె మూకుళ్లు వీధికెక్కుతాయి. మకూదా అంటే మన ఆలూ బోండాకు పిండి తొడుగు దాదాపు తీసేసి, చదునుగా అదిమి వేయించినట్టుంటుంది. ఒక్కోటి రెండు దిర్హమ్‌లు. గుండ్రటి రొట్టెలో మూడు కుక్కి, పైన ఎర్ర హరీసా, అంటే మిరప ముద్ద, రాసిస్తారు. హరీసా కారం మనవాళ్లకు లెక్కలోది కాదు. ఉప్పే కాస్త ఎక్కువ.

శుక్రవారం, హబూస్

శుక్రవారం మధ్యాహ్నం నగరం సగం మూతపడుతుంది. పన్నెండు నుంచి మూడు దాకా కొట్లు తెరుచుకుంటాయని ఆశపెట్టుకోవద్దు, నమాజు తర్వాత అందరూ ఇంటికెళ్లి కూస్కూస్ ముందు కూర్చుంటారు. హబూస్ ఫ్రెంచివాళ్లు 1917 తర్వాత, పాత మొరాకో ఊరి నమూనాలో, తీరుగా గీతలు గీసి కట్టించిన పేట. అందంగానే ఉంటుంది, అందుకే బస్సుల్లో వచ్చే విదేశీయులంతా ఇక్కడే దిగుతారు. దర్బ్ సుల్తాన్ పక్కనే ఉన్నా అటు అడుగుపెట్టరు.

కూస్కూస్ అసలు మర్మం ఆవిరిలో ఉంది. గోధుమ రవ్వను నూనె, నీళ్లు చల్లి చేత్తో పొడిపొడిగా విడదీసి, కింద కూర ఉడుకుతున్న కుండ మీద చిల్లుల పాత్రలో పెట్టి ఆవిరి పట్టిస్తారు. తీసి, పళ్లెంలో పోసి, ఉండలు చిదిపి, ఉప్పునీళ్లు చల్లి మళ్లీ పెడతారు. అలా మూడుసార్లు. రెండు కుండల మధ్య సందులోంచి ఆవిరి పోతే రవ్వ పైన పచ్చిగా, కింద ముద్దగా తయారవుతుంది. అందుకే ఆ సందుకు పిండి తడిపిన గుడ్డ చుడతారు. మీద ఏడు రకాల కూరగాయలు, మధ్యలో మాంసం. మాంసం వద్దంటే కూరగాయలవే వడ్డిస్తారు గానీ రసం మాంసంతో ఉడికినదే, శాకాహారులు అది అడిగి తెలుసుకోవాలి. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటే ఎవరి ముందున్న భాగం వాళ్లే తినాలి, ఎదుటివాడి వైపు చెంచా పోనివ్వకూడదు. మధ్యలో ఉన్న మాంసం ఇంటి పెద్ద పంచుతాడు. పక్కన గ్లాసులో ల్బెన్, అంటే మజ్జిగే. హోటల్లో మనిషికి 50 దిర్హమ్‌లు.

బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరు ఎరుపు, ఒకరు పచ్చ. కాసాబ్లాంకాలో ఏ బల్ల చూసినా అంతే. ఎరుపంటే ఊళ్లోని మరో క్లబ్ వైదాద్, పచ్చంటే రజా. మొరాకో జెండా ఎర్రది, మధ్యలో పచ్చ నక్షత్రం. ఇద్దరూ ఆ జెండాలోంచే రంగు తీసుకున్నామంటారు. ఇద్దరూ కాదనకుండా ఒప్పుకునే మనిషి మాత్రం ఒక్కడున్నాడు. ఆయన పేరు మొహమ్మద్ బెన్ లహ్‌సెన్ అఫానీ. ఊరంతా 'పేర్ జెగో' అంటుంది. దక్షిణాన సూస్ ప్రాంతంవాడు, బాగా చదువుకున్నవాడు. వైదాద్ ఫుట్‌బాల్ విభాగాన్ని నిలబెట్టిందీ, 1940ల చివర్లో వరసగా లీగులు గెలిపించిందీ ఆయనే. తర్వాత అక్కడి పెద్దలతో పొసగక బయటికొచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో రజా చేతికి దొరికాడు.

రెండు క్లబ్‌ల మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఈ ఒక్కడి కథ చాలు. వైదాద్‌లో ఆయన నేర్పింది గెలుపు. రజాలో నేర్పింది వేరు: చిన్న చిన్న పాసులు, దక్షిణ అమెరికావాళ్ల తరహా సరదా ఆట, బంతి మనదగ్గరే ఉండాలన్న పట్టుదల. 'రజా ల్‌ఫ్రాజా' అని ఇప్పటికీ అంటారు, చూసేవాళ్లకు కనులపండుగ అని. దాని ఖరీదు మాత్రం తక్కువేం కాదు. క్లబ్ పుట్టిన పాతికేళ్లకు, 1974లో గానీ మొదటి కప్పు రాలేదు. అది సింహాసన కప్పు, దేశంలోని నాకౌట్ పోటీ. లీగు టైటిల్‌కైతే 1988 దాకా ఆగాల్సొచ్చింది.

ఇంతకంటే ముందే రావాల్సింది చెయ్యిజారిందని పచ్చవాళ్లు నేటికీ పళ్లు నూరుతారు. 1959-60 సీజన్ చివర్లో రజా, కెనిత్రా జట్టు కే.ఏ.సి., రబాత్ సైనిక జట్టు ఎఫ్.ఏ.ఆర్. పాయింట్లలో సమానంగా నిలిచాయి. గోల్స్ లెక్కలో తమదే పైచేయి అన్నది రజా వాదన. ఫెడరేషన్ మాత్రం మళ్లీ ఆడి తేల్చుకోమంది. రజా ఆడనంది. టైటిల్ కెనిత్రాకు పోయింది. ఆడుంటే గెలిచేవాళ్లా అని ఆ బల్ల దగ్గర అడిగితే జవాబు రాలేదు. ఎర్రాయన మాత్రం మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

భోజనమయ్యాక హబూస్ మిఠాయి కొట్టులో కాబ్ ల్‌ఘ్జాల్ తినాలి. పల్చటి పిండిలో నారింజ పూల నీళ్లు కలిపిన బాదం ముద్ద పెట్టి, నెలవంకలా వంచి కాలుస్తారు. కిలో లెక్కన అమ్ముతారు గానీ వంద గ్రాములడిగినా విసుక్కోరు. మంచిదైతే పిండి తెల్లగానే ఉండాలి. ఎర్రబడితే పొయ్యిలో ఎక్కువసేపు ఉంచారని, బాదం గట్టిపడి ఉంటుందని లెక్క.

శనివారం, సముద్రపు ఒడ్డు

రజా కథ సగం వైదాద్ దగ్గరుంది, వైదాద్ కథ మొదలైంది నీళ్లలో. 1930లలో కాసాబ్లాంకా రేవు దగ్గరి ఈత కొలనులు యూరోపియన్లవి. కాస్త డబ్బూ పలుకుబడీ ఉన్న మొరాకోవాళ్లు వాటిల్లోకి రాగానే తలుపులు బిగించారు. మొహమ్మద్ బెన్‌జెల్లూన్, ఆయన స్నేహితులు 1937 మే 8న వైదాద్ పెట్టింది ఆ కసితోనే, అదీ వాటర్ పోలో కోసం. ఫుట్‌బాల్ 1939లో వచ్చి చేరింది.

ఆ కొలనులేవీ ఇప్పుడు లేవు. వాటికి కాస్త పడమరగా ఒడ్డునే 1934లో నగరపాలక సంస్థ కట్టిన 480 మీటర్ల పొడవున్న మహా కొలనూ లేదు. 1986లో దాన్ని కూల్చారు, ఆ జాగాలో హసన్ రెండో మసీదు లేచింది. 1993లో తెరిచారు. ముస్లిమేతరులు గైడు వెంట, టికెట్టు కొని మాత్రమే లోపలికి వెళ్లొచ్చు. టికెట్టు 140 దిర్హమ్‌లు, భుజాలు మోకాళ్లు కప్పుకోవాలి, చెప్పులు సంచిలో పెట్టుకుని చేత్తో మోయాలి. శుక్రవారం వేళలు వేరు కాబట్టి శనివారానికి పెట్టుకోవడం మంచిది. బయట రాతి గట్టు మీద పిల్లలు అలల్లోకి దూకుతూ కనిపిస్తారు. కాపలావాళ్లు ఈలలేసి తరుముతారు, ఐదు నిమిషాలకు మళ్లీ వస్తారు.

వైదాద్ డబ్బున్నవాళ్లది, రజా పేదవాళ్లదని గైడులు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది సగం నిజం. పుట్టుకలో తేడా ఉన్నమాట వాస్తవమే, ఒకటి కొలను గట్టున, ఒకటి కార్మికుల సందులో. కానీ రెండింటి శత్రువూ అప్పట్లో ఒక్కడే. రజా పుట్టకముందు వైదాద్ ఫ్రెంచి క్లబ్‌లను ఓడిస్తే దర్బ్ సుల్తాన్‌లోనూ సంబరమే. ఇవాళైతే దర్బ్ సుల్తాన్‌లోనే ఎర్ర గుడ్డ ఆరేసిన మేడలున్నాయి, డబ్బున్న పేటల్లో పచ్చ జెండాలూ ఉన్నాయి. అన్నదమ్ములే చెరోవైపు ఉంటారు. డెర్బీ, అంటే ఒకే ఊరి క్లబ్‌ల పోరు, 1957లో ఇద్దరూ లీగులో మొదటిసారి తలపడ్డాకే మొదలైంది.

మధ్యాహ్నం బులెవార్డ్ మొహమ్మద్ V మీదున్న సెంట్రల్ మార్కెట్‌లో చేపలు కొని, పక్కనే ఉన్న హోటల్లో ఇచ్చి కాల్పించుకోవచ్చు. చేపకు కిలో ధర ఒకటి, కాల్చినందుకు మనిషికింత వేరు. రెండూ విడివిడిగా, తూకం వేయకముందే ఖాయం చేసుకోవాలి. బల్ల మీద అడక్కుండా పెట్టే ఆలివ్‌లు, సలాడు చాలాచోట్ల ఉచితం కాదు. సార్డీన్ చేపలు చవక, రుచికి వాటిని మించింది లేదు.

ఆదివారం, దొనోర్

మాఆరిఫ్ పేటలో ఉన్న స్టేడియం అసలు పేరు మొహమ్మద్ V. ఆ పేరు చెబితే టాక్సీవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు, 'దొనోర్' అంటే వెంటనే కదుల్తాడు. 1955 మార్చిలో తెరిచినప్పుడు దీని పేరు మార్సెల్ సెర్దాన్ స్టేడియం, విమాన ప్రమాదంలో పోయిన కాసాబ్లాంకా బాక్సర్ పేరు. స్వాతంత్ర్యం రాగానే 'స్తాద్ దొనోర్' అయింది. 1983 మధ్యధరా క్రీడల కోసం బాగుచేసి ఇప్పటి పేరు పెట్టారు. జనం నోట మాత్రం నడిమి పేరే నిలిచింది. రజా, వైదాద్ ఇద్దరి సొంత మైదానమూ ఇదే. ఇంకోసారి మరమ్మతులు చేసి 2025 ఏప్రిల్‌లో తెరిచారు.

టికెట్ల సంగతి. ఆన్‌లైన్‌లో మ్యాచికి కొద్ది రోజుల ముందే పెడతారు. మామూలు లీగు మ్యాచికి గోలు వెనక స్టాండు 30 నుంచి 50 దిర్హమ్‌లు, పక్క స్టాండ్లు అంతకు రెండు మూడు రెట్లు. పాస్‌పోర్టు నంబరుతో కొంటే గేటు దగ్గర అదే పాస్‌పోర్టు చూపించాలి. బయట బ్లాకులో అమ్మేవాళ్ల దగ్గర కొన్న టికెట్టు అప్పటికే ఒకసారి స్కాన్ అయినదైతే గేటు తిప్పి పంపేస్తుంది, డబ్బు తిరిగి రాదు. పవర్ బ్యాంకు, సీసా, సిగరెట్ లైటరు, బెల్టు బకిల్ పెద్దదైతే బెల్టూ గేటు దగ్గరే ఆగిపోతాయి. నాణేలు కూడా ఒక్కోసారి తీయించేస్తారు, కాబట్టి చిల్లర నోట్లే ఉంచుకోండి. ఎర్ర చొక్కా వేసుకుని రజా మ్యాచికి వెళ్లకండి, మీకు తెలియదని వాళ్లకు తెలియదు. ఆట మొదలవడానికి రెండు గంటల ముందు లోపలుంటేనే కూర్చునే చోటు దొరుకుతుంది, సీటు నంబర్లు గోలు వెనక ఎవరూ పట్టించుకోరు.

రజా వీరాభిమానుల అడ్డా దక్షిణ వైపు, దాన్ని 'మగానా' అంటారు. వైదాద్‌వాళ్లది ఉత్తర వైపు, 'ఫ్రిమీజా'. మగానాలో అల్ట్రాస్, అంటే జట్టుకట్టిన వీరాభిమానులు, రెండు సంఘాలు: గ్రీన్ బాయ్స్ 2005 నుంచి, అల్ట్రాస్ ఈగల్స్ 2006 నుంచి ఉన్నారు. కొత్తవాళ్లు మొదటిసారి పక్క స్టాండులోనే కూర్చోవడం మేలు, అక్కడ్నుంచే మగానా కనబడుతుంది. మధ్యలో ఉంటే ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనిపించదు.

తీఫో, అంటే స్టాండంతా కప్పే పెద్ద బొమ్మ, ఎలా ఎత్తుతారో ఆ పక్క స్టాండు నుంచి బాగా తెలిసింది. అది ఒకే గుడ్డ కాదు. వారాల తరబడి అద్దె గోదాముల్లో పరిచి, గళ్లు గీసి, ముక్కలు ముక్కలుగా రంగులేసి కుట్టిన పట్టీలు. స్టాండులో ముందురోజే తాళ్లు, కప్పీలు కట్టి ఉంచుతారు. జట్లు సొరంగంలోంచి వచ్చే వేళకు కింద పదిమంది ఒక్కసారి తాడు లాగుతారు. ఒక తాడు ఆలస్యమైతే గుడ్డ ఓ మూల మడతపడి బొమ్మ మొహం వంకరపోతుంది, ఆ రోజు సరిగ్గా అదే జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు జనం తలల మీదుగా పాకి ఆ మడత విప్పారు. గాలి ఎక్కువగా ఉంటే పెద్ద గుడ్డ ఎత్తరు. దాని బదులు సీట్ల మీద ముందే పెట్టిన రంగు కాగితాలతో బొమ్మ కడతారు. పాటలు నడిపించేవాణ్ణి కాపో అంటారు. తొంభై నిమిషాలూ మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి ఉంటాడు. గోలు పడిందని అతనికి తెలిసేది ఎదుటి మొహాలు చూసే.

పాటల్లో సగం ఆట గురించి కావు. ఉద్యోగాల్లేవని, చదువు దండగైందని, దేశం విడిచిపోవాలనుందని దారిజాలో, అంటే మొరాకో వాడుక అరబిక్‌లో, పాడతారు. 2017లో ఈగల్స్ కట్టిన పాట ఒకటి ఏడాది రెండేళ్లలో పొరుగు దేశాల స్టేడియాలకూ పాకింది. దీనికి ఇంకో ముఖమూ ఉంది. 2016 మార్చిలో ఇదే స్టేడియంలో రజా అభిమానుల్లోని వర్గాలే తన్నుకుని ఇద్దరు చనిపోయారు. ప్రభుత్వం అల్ట్రాస్‌ను రద్దు చేసింది. రెండేళ్ల తర్వాత గానీ బ్యానర్లు మళ్లీ లోపలికి రాలేదు. బాణసంచా కాలిస్తే క్లబ్‌కు జరిమానా, మితిమీరితే 'వీక్లో', అంటే ఖాళీ స్టాండ్ల ముందు ఆట. ఆ జరిమానాలు కట్టే క్లబ్ ఖజానా ఎప్పుడూ లోటులోనే ఉంటుంది. కాల్చేవాళ్లకూ ఆ సంగతి తెలుసు.

ప్రత్యర్థి చిన్న జట్టే అయినా ఆ సాయంత్రం పక్కనున్నవాళ్ల మాటలన్నీ 2019 నవంబరు 23 చుట్టూనే. అరబ్ క్లబ్ కప్పులో వైదాద్‌తో రెండో మ్యాచ్, ఇదే గడ్డ మీద. మొదటిది 1-1. రెండోదాంట్లో ఆఖరి పావుగంట మొదలయ్యేసరికి వైదాద్ 4-1తో ముందుంది. రజా మూడు గోల్స్ తిరిగి కొట్టింది, చివరిది మలాంగో, ఇంజూరీ సమయం నాలుగో నిమిషంలో. 4-4. ఆ మ్యాచికి వైదాద్ ఆతిథ్య జట్టు, కాబట్టి మొత్తం సమమైనా, ఎదుటివాళ్ల ఆతిథ్యంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లదే పైచేయి అన్న లెక్కన రజా ముందుకెళ్లింది. ఆ పోటీ కప్పూ చివరికి 2021 ఆగస్టులో రజాకే దక్కింది.

పొద్దుతిరుగుడు గింజలు కాగితం పొట్లంలో మూడు దిర్హమ్‌లు. ఆట బాగా సాగుతుంటే పొట్లం అలాగే ఉండిపోతుంది, విసుగొచ్చే ఆటైతే విరామానికే ఖాళీ. మొదటి సగంలో కాళ్ల కింద తొక్కలు చీలమండల దాకా వచ్చాయి. బయటికొచ్చాక స్టేడియం పక్కన టాక్సీ దొరకదు, దొరికినా మీటరు వేయడు. పావుగంట నడిచి పెద్ద రోడ్డెక్కాక ఆపాలి. దారిలో నత్తల బండి ఉంటే ఆగొచ్చు. అల్లం, సోంపు, మిరియాలు, థైమ్ లాంటి దినుసులేసి మరిగించిన పులుసు, గిన్నె పది దిర్హమ్‌లు. నత్త వద్దంటే వట్టి పులుసే పోస్తాడు, జలుబుకు మంచిదంటూ.

సోమవారం, దర్బ్ గల్లెఫ్

పాత సామాన్ల సంత దర్బ్ గల్లెఫ్ జూతియాలో ఫోన్ల నుంచి తలుపుల దాకా అన్నీ దొరుకుతాయి. జెర్సీల వరస వేరుగా ఉంటుంది. కొత్త నకళ్లు 80 నుంచి 120. చిహ్నం లోపలివైపు వేలు పెట్టి చూడండి: కుట్టిందైతే దారపు ముడులు తగుల్తాయి, ఇస్త్రీతో అంటించినదైతే నున్నగా ఉండి రెండు ఉతుకుల్లో అంచు లేస్తుంది. పాతవి అరుదు, అవి బల్ల మీద పెట్టరు. 1990ల నాటిది ఉందా అని అడిగితే వెనక సంచి విప్పుతారు, ధర అప్పటికప్పుడు పుడుతుంది. చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెట్టి, కదిలిపోతున్నట్టు రెండడుగులేస్తేనే అసలు ధర బయటికొస్తుంది.

ఆ కాలపు చొక్కాలకు అంత గిరాకీ ఎందుకంటే, రజా పెద్దరికమంతా ఆ పదేళ్లలో కట్టిందే. 1989లో ఆఫ్రికా ఛాంపియన్స్ కప్పు, అల్జీరియాకు చెందిన రబా సాదాన్ శిక్షణలో, అల్జీరియా జట్టు ఎం.సి. ఒరాన్ మీద, ఒరాన్ గడ్డ మీదే. 1997లో వాహిద్ హలిల్‌హోజిచ్ చేతుల్లో ఘనా జట్టు గోల్డ్‌ఫీల్డ్స్ మీద. 1999 డిసెంబరులో ఆస్కార్ ఫుల్లోనే హయాంలో, ట్యూనిస్‌లో, ఎస్పెరాన్స్ మీద. మూడు ఫైనళ్లూ పెనాల్టీ షూటౌట్‌లోనే తేలాయి. చూడచక్కని ఆట మాదని చెప్పుకునే క్లబ్ పెద్ద కప్పులన్నీ పన్నెండు గజాల నుంచే గెలిచింది, దీన్ని ఎత్తిచూపితే పచ్చవాళ్లు ఏమాత్రం చిన్నబుచ్చుకోరు. ట్యూనిస్‌లో గోల్‌కీపర్ షాద్లీ ఆపిన బంతి ఎటు పోయిందో కొట్టువాడు స్టూలు మీంచి లేచి చేతులు చాపి మరీ చూపించాడు.

అదే కాలంలో 1996 నుంచి 2001 దాకా వరసగా ఆరు లీగు టైటిళ్లు. దీని వెనక ఓ కారణముంది, దాన్ని గోడ బొమ్మల్లో ఎవరూ వేయరు. 1995లో ఒలింపిక్ కాసాబ్లాంకా అనే క్లబ్‌ను రజాలో కలిపేశారు. ముందటేడే, 1994లో, అది మొరాకో ఛాంపియన్. ఆటగాళ్లూ నిర్వాహకులూ వచ్చి చేరారు. పేట ప్రేమతోనే ఆరు టైటిళ్లు రావు. 2000 జనవరిలో బ్రెజిల్‌లో జరిగిన మొదటి క్లబ్ ప్రపంచ పోటీలో రియల్ మాద్రిద్‌తో 2-3తో ఓడింది కూడా ఈ జట్టే. ఓడిన ఆ మ్యాచ్ చొక్కాకే జూతియాలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పారు.

పొద్దున్నే వెళ్తే సంత అంచున బిస్సారా దొరుకుతుంది. ఎండు బాకలా (చిక్కుడు జాతి) గింజలు మెత్తగా ఉడికించి, జీలకర్ర, ఎర్రమిరప పొడి, పైన ఆలివ్ నూనె పోసిన గంజి, రొట్టెతో కలిపి ఎనిమిది దిర్హమ్‌లు. పదకొండు దాటితే అడుగంటినది మిగులుతుంది.

మంగళవారం, మరాకేశ్

కాసా వొయాజర్ స్టేషన్ నుంచి రైల్లో మూడు గంటల లోపే మరాకేశ్. 2011లో తెరిచిన పెద్ద స్టేడియం ఊరికి పది కిలోమీటర్ల అవతల, కాసాబ్లాంకా రోడ్డు మీద ఉంది. మ్యాచ్ లేని రోజు లోపలికి పోనివ్వరు, బయటి నుంచి ఎర్రమట్టి రంగు గోడలు చూసి రావడమే. అయినా వెళ్లాల్సిందే, రజా పేరు ప్రపంచానికి తెలిసింది ఇక్కడే.

2013 డిసెంబరు క్లబ్ ప్రపంచ కప్పుకు రజా వచ్చింది ఆఫ్రికా విజేతగా కాదు, ఆతిథ్య దేశపు లీగు ఛాంపియన్‌గా. పోటీకి కొద్ది రోజుల ముందే కోచ్ ఫాఖిర్‌ను పంపేసి ట్యునీషియావాడు ఫౌజీ బెన్‌జర్తీని తెచ్చుకున్నారు. అగాదిర్‌లో ఆక్లండ్ సిటీ మీద 2-1, మాంతెర్రే మీద అదనపు సమయంలో 2-1. 18న మరాకేశ్‌లో సెమీస్, ఎదుట రొనాల్దీనో ఉన్న అత్లెతికో మినెయిరో. ఇయాజూర్ మొదటి గోలు, రొనాల్దీనో ఫ్రీకిక్‌తో సమం, ముతవల్లీ పెనాల్టీ, చివర్లో మాబిదే. 3-1. విజిల్ పడగానే గెలిచినవాళ్లే ఓడిన రొనాల్దీనో చుట్టూ మూగి బూట్లు విప్పించి తీసుకున్నారు. 21న ఫైనల్లో బాయర్న్ మ్యూనిక్ 2-0తో గెలిచింది, రెండు గోల్సూ మొదటి పాతిక నిమిషాల్లోనే పడ్డాయి.

ఊళ్లో తన్‌జియా తినకుండా రావద్దు. గొడ్డు మాంసం, వెల్లుల్లి, జీలకర్ర, కుంకుమపువ్వు, ఊరవేసిన నిమ్మకాయ, పాత నెయ్యి మట్టి కూజాలో కుక్కి, మూతికి కాగితం కట్టి, హమ్మాం (ఊరి స్నానశాల) పొయ్యి బూడిదలో ఐదారు గంటలు కప్పెడతారు. కాగితం మీద సూదితో నాలుగు పొడుపులు పొడవకపోతే ఆవిరికి చిరిగి బూడిద లోపల పడుతుంది. గొడ్డు మాంసం తిననివాళ్లకు గొర్రెదీ ఉంటుంది, ఉదయమే చెప్పి ఉంచాలి. తూకం లెక్కన అమ్ముతారు, ఇద్దరికి పావుకిలో చొప్పున సరిపోతుంది.

2024లో రజా పదమూడో లీగు టైటిల్ గెలిచింది, జర్మనీ కోచ్ జోసెఫ్ సిన్‌బావర్ కింద 30 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా. అయినా ఎఫ్.ఏ.ఆర్. కన్నా ఒక్క పాయింటే ఎక్కువ. జూలై 1న అదే ఎఫ్.ఏ.ఆర్. మీద సింహాసన కప్పు కూడా.

వెళ్లాలనుకునేవాళ్లకు: మ్యాచ్ తేదీలు ఖాయమయ్యేది వారం పది రోజుల ముందే, ఆఫ్రికా పోటీలున్న వారంలో అవీ మారిపోతాయి. ఆదివారం అనుకున్నది బుధవారానికి పోవచ్చు. డెర్బీ అయితే పోలీసుల మాట మీద చివరి క్షణంలో ఊరే మారొచ్చు. అందుకని తిరుగు విమానాన్ని మ్యాచ్ మర్నాటికే పెట్టుకోకండి, మరాకేశ్‌ను చివర్లో ఉంచుకుంటే ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు.